పెరటి తోట: ముందు నీటి దారి, తరువాతే నారు

ప్రశ్న: మా పెరడు రెండు సెంట్లు, రేగడి నేల. ఏటా ఆగస్టు ఆఖరున వంగ, టమాటా, మిరప నాటుతాం. పూతకొచ్చేసరికి వానలు పట్టుకుని మొక్కలు వాడి చచ్చిపోతున్నాయి. ఈసారి ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నాటే తేదీ మార్చాలి. అంతకన్నా ముందు నీళ్ళు బయటికి పోయే దారి చూడాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జూన్ వానలను నమ్ముకుని వేసే పట్టిక ఇక్కడ నప్పదు.

ఇప్పుడే అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసినవి నాలుగు గంటల తరువాత కూడా నిలిచే ఉంటే ఆ చోట నేలమట్టానికి నాటొద్దు, వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తున మడులు పోయండి. మడికీ మడికీ మధ్య అడుగున్నర కాలువ తీసి వీధి కాలువ వైపు వాలు ఇవ్వండి. మడి వెడల్పు మూడడుగులు మించితే మధ్యకు చెయ్యందక మడి తొక్కాల్సి వస్తుంది, మన్ను బిగుసుకుంటుంది. ఈ పని సెప్టెంబరులోనే ముగించండి. తడి మీద రేగడి తవ్వితే పెళ్ళలు కడుతుంది.

బాగా చివికిన పశువుల ఎరువు 20 కిలోలు, వేపపిండి 2 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి (వేరుకుళ్ళు తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం) పొడి 400 గ్రాములు కలిపి, నీళ్ళు చిలకరించి, గోనెసంచి కప్పి పది రోజులు నీడలో ఉంచండి. పదడుగుల మడికి ఇది సరిపోతుంది. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరతాయి.

మిరప విత్తనం అక్టోబరు మధ్యలో, వంగ ఆఖరి వారంలో, టమాటా నవంబరు మొదట్లో ట్రేలలో పోయండి. మిరప నారుకు ఆరు వారాలు, వంగకు ఐదు, టమాటాకు నాలుగు పడుతుంది. స్వాతి, విశాఖ కార్తెల ముసురంతా ట్రేలు ప్లాస్టిక్ కప్పు కిందే ఉండాలి, కానీ వెలుతురు తగలాలి. లేకపోతే నారు సన్నగా సాగి పడిపోతుంది. డిసెంబరులో నాటండి. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు మొదటి వారంలోనే వచ్చింది, కాబట్టి ఒక ట్రే నారు అదనంగా దాచుకోండి. అప్పటిదాకా మడి ఖాళీగా ఉంచక్కర్లేదు. బచ్చలి, చేమ ఈ వానలకు తట్టుకుంటాయి.

ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క హఠాత్తుగా వాడితే, మొదలు దగ్గర కాండం కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని నీళ్ళలో కదపకుండా ఉంచండి. కాసేపటికి పాలలాంటి తెల్లని దారం దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు, మురుగు ఒక్కటే కారణం కాదు. అలాంటి మడిలో రెండు మూడేళ్ళు వంగ, టమాటా, మిరప వేయకండి.

ప్రశ్న: మా బోరు నీళ్ళు ఉప్పన. ఆకుల అంచులు మాడుతున్నాయి. జిప్సం వేస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: పరీక్ష చేయించకుండా వేయకండి. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువైన చౌడుకు. నీళ్ళలోని ఉప్పును అది తీసేయలేదు. బోరు పది నిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన లీటరు సీసాలో నీళ్ళు పట్టి, దాంతోపాటు విడిగా అర కిలో మట్టి నమూనా (గుప్పెడు చాలదు) భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. ఈలోగా నీళ్ళు ఆకుల మీద పడకుండా సాయంత్రం పూట మొక్క మొదలు దగ్గరే పోయండి. వాననీళ్ళు మడిలోకి ఇంకి, ఉప్పును కిందికి దించి పోయేలా చూడండి. పాలకూర, బీట్‌రూట్, గోరుచిక్కుడు ఉప్పుకు ఓర్చుకుంటాయి. ఉల్లి, క్యారెట్, ఫ్రెంచి చిక్కుడు ఆ నీళ్ళతో పెట్టుకోకండి.