కొత్త భాష పుట్టించబోయే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల మూడు అధ్యాయాలూ, అందులోని మనుషుల కోసం పుట్టిస్తున్న భాషకు ఎక్సెల్ షీటులో పెట్టిన నిఘంటువూ చదివాను. కథ బాగా నడుస్తోంది నాన్నా. ఉప్పు మడుల మీద బతికే తీరం వాళ్లు, వాళ్లను చిన్నచూపు చూసే కొండవాళ్లు, ఇద్దరి మధ్యా నలిగే ఆ పడవ పిల్ల కళ్లకు కట్టారు. ఈ ఉత్తరం నిఘంటువు గురించి. ఫోన్‌లో చెబితే ‘సరే పెద్దమ్మా’ అనేసి మర్చిపోతావని రాస్తున్నాను.

రెండు వేల మాటలు కూర్చావు. ఓపికకు మెచ్చుకోవాలి. కానీ ‘నీళ్లు’కు ఎదురుగా ఒక మాట, ‘వెళ్లు’కు ఒక మాట, ‘అందమైన’కు ఒక మాట, ఇలా తెలుగు మాట తీసేసి ఆ చోట కొత్తది పెట్టుకుంటూ పోయావు. వాక్యం మటుకు తెలుగు వాక్యమే. చిన్నప్పుడు పెద్దవాళ్లకు అర్థం కాకూడదని మాట్లాడుకునే ‘క’ భాష కూడా ఇంతే. నాటకాల వాళ్లకూ, ఒకసారి వీడియో గేమ్ చేసేవాళ్లకూ భాషలు అల్లిపెట్టిన అనుభవంతో చెబుతున్నాను, అందరూ మొదలుపెట్టేది మాటల జాబితాతోనే, విసుగొచ్చి వదిలేసేదీ అక్కడే. ఆ షీటు కొన్నాళ్లు మూసిపెట్టు.

ముందు ఆ మనుషులు పొద్దున్న లేస్తే ఏం చేస్తారో చూడు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ కోసం డోత్రాకీ భాష తయారుచేసిన డేవిడ్ పీటర్సన్ చేసింది అదే. ఆ జాతి గుర్రం దిగదు. అందుకని వాళ్లలో ‘ఎలా ఉన్నావు’ అని అడగాలంటే ‘హష్ యెర్ డోత్రే చెక్’ అంటారు, అంటే బాగా స్వారీ చేస్తున్నావా అని. జాతి పేరు కూడా స్వారీ చేయడం అన్న ధాతువులోంచే వచ్చింది. వాళ్లకు ‘థాంక్స్’ చెప్పడానికి మాటే లేదు. ఇంకో సంగతి, పీటర్సన్‌కు ఖాళీ కాగితం ఇవ్వలేదు. ఆ సీరియల్‌కు మూలమైన నవలల్లో రచయిత అప్పటికే వాడేసిన పేర్లూ మాటలూ ఉన్నాయి. వాటిని కాదనకుండా వాటిలోంచే వ్యాకరణం లాగాడు. నీ మొదటి రెండు అధ్యాయాలు ఇప్పటికే జనం చదివేశారు కాబట్టి నీకూ అదే దారి. ఆ పేర్లు మార్చకు, వాటికి సరిపడే నియమాలు వెతుక్కో.

మనవాళ్లు కూడా చేశారు. 2015లో ‘బాహుబలి’ కోసం మదన్ కార్కీ కిలికి భాష అల్లాడు, సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ నియమాలు. నేను అంటే ‘మిన్’, నువ్వు అంటే ‘నిమ్’. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. తెర మీద నటుడు యుద్ధభూమిలో అరుస్తూ చెప్పాలి, అది విన్న పిల్లలు బడికెళ్లి అరవాలి. ఆ పనికి ఇలాంటి తేలిక కిటుకు చక్కగా పనికొచ్చింది. కానీ నీది నవల. పాఠకుడు వినడు, చదువుతాడు, వెనక్కి తిప్పి పోల్చుకుంటాడు. వాడికి కిటుకు చాలదు. ఈ భాష నిన్న పుట్టలేదు, నోళ్లలో నాని అరిగింది అనిపించాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది.

మన భాషనే చూడు. పాత పుస్తకాల్లో క్రొత్త, ప్రొద్దు, మ్రాను, గ్రుడ్డు, క్రింద. ఇప్పుడు కొత్త, పొద్దు, మాను, గుడ్డు, కింద. హల్లు పక్కనున్న రకారం రాలిపోయింది, ఒక్క మాటలో కాదు, వరసబెట్టి. కన్నడం పక్కన పెట్టి చూస్తే ఇంకో వరస కనబడుతుంది. వాళ్లకు కివి, మనకు చెవి. వాళ్లకు కెరె, మనకు చెరువు. వాళ్లకు కిరు, మనకు చిరు. ఇ, ఎ అచ్చుల ముందున్న ‘క’ మన దగ్గర ‘చ’ అయింది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ కూడా తన కథల్లోని ఎల్ఫులనే జాతి మాట్లాడే రెండు భాషలను ఇలాగే ఒక తల్లికి పుట్టించాడు. తండ్రిని ఒకదాంట్లో ‘అతర్’ అంటే రెండోదాంట్లో ‘అదర్’ అంటారు. చదివేవాడికి నియమం తెలియక్కర్లేదు. ఇవి అక్కాచెల్లెళ్లని చెవికి తెలిసిపోతుంది.

నీ కథకు ఒకటి చేసి చూపిస్తాను. తీరం వాళ్లకూ కొండవాళ్లకూ ఒకప్పుడు ఒకే భాష ఉండేదనుకో. అందులో ‘సపిర’ అంటే ఉప్పు, ‘మెటన’ అంటే ఊరు. కొండవాళ్లు ఒక్కటే మార్చారు: మాట మొదట్లో ‘స’ వస్తే ‘హ’ అంటారు. సింధు హిందు అయినట్టే, వింతేం కాదు. ఉప్పు వాళ్లకు ‘హపిర’, ఊరు మెటనే. తీరం వాళ్లు రెండు మార్చారు: అచ్చుల మధ్య చిక్కిన క, ట, త, ప లను గ, డ, ద, బ లుగా మెత్తబరిచారు, చివరి అచ్చు మింగేశారు. ఉప్పు ‘సబిర్’, ఊరు ‘మెడన్’. ఇప్పుడు ఆ ఉప్పు రేవుకు పేరు పెట్టు. కొండవాడు ‘హపిరమెటన’ అని పూర్తిగా పలుకుతాడు. తీరం వాళ్లు రోజుకు వందసార్లు అనే పేరు కాబట్టి మధ్య అచ్చులు నలిగి, రేఫ రాలి, ‘బ’ కాస్తా ‘మ’లో కలిసిపోయి ‘సమ్మెడన్’ అయి కూర్చుంది. అక్కడి పిల్లలకు తమ ఊరి పేరులో ఉప్పు ఉందనే తెలియదు. నిరవద్యప్రోలు అరిగి నిడదవోలు అయింది, అక్కడి వాళ్లెవరూ ఆ ‘వోలు’లో పట్టణం అనే అర్థమున్న ‘ప్రోలు’ ఉందని తలుచుకోరు కదా. నీ పడవ పిల్ల కొండకోటలో ‘హపిరమెటన’ అన్న మాట మొదటిసారి విని, అది తన ఊరేనని ఒక క్షణం ఆగి పోల్చుకుంటే? నీ రెండు వేల మాటల జాబితా ఇవ్వలేని దృశ్యం రెండు మాటలతో, మూడు నియమాలతో వచ్చింది.

నియమాలు ఎక్కువ పెట్టుకోకు. ఒక్కో భాషకు మూడో నాలుగో చాలు, కానీ ప్రతి మాటా వాటిలోంచి దూరి రావాలి. నచ్చలేదని ఒక మాటను తప్పించకు. అలా దూరి వచ్చిన వికారపు మాటే ఒక్కోసారి అన్నిటికంటే నిజమైనదిగా ఉంటుంది.

ఇక మొండి రూపాలు. నీ వ్యాకరణంలో అన్ని మాటలూ ఒకేలా నడుస్తున్నాయి, అదే నాకు అనుమానం. తెలుగులో బస్సు–బస్సులో, ఫోను–ఫోనులో, ఏ గొడవా లేదు. ఇల్లు మాత్రం ఇంట్లో, కన్ను కంట్లో, నోరు నోట్లో, నుయ్యి నూతిలో, చెయ్యి చేతిలో. ఎగుడుదిగుళ్లన్నీ ఇంటా ఒంటా ఉండే పాత మాటల్లోనే పోగుపడ్డాయి, నిన్నగాక మొన్న వచ్చినవి బుద్ధిగా నడుస్తాయి. నువ్వూ ఉప్పు, పడవ, అల, అమ్మ, చెయ్యి లాంటివాటికే మొండితనం పెట్టు. సింహాసనం, సేనాపతి లాంటివి సాఫీగా పోనీ, పైగా అవి కొండవాళ్ల దగ్గర్నుంచి అరువొచ్చిన మాటలైతే ఇంకా బాగుంటుంది. మన జిల్లా, వకీలు, రాజీనామా ఎవరి కచేరీల్లోంచి వచ్చాయో నీకు తెలుసు. ఎవరు ఎవర్ని ఏలారో చెప్పడానికి ఒక పేజీ చరిత్ర రాయక్కర్లేదు, పన్నుల మాటలన్నీ అవతలి భాషవైతే చాలు.

వాక్యం వరస గురించి పెద్దగా బెంగపడకు. ‘స్టార్ ట్రెక్’ సినిమాల కోసం క్లింగాన్ భాష తయారుచేసిన మార్క్ ఓక్రాండ్ కావాలనే కర్మ, క్రియ, కర్త అనే అరుదైన వరస పెట్టాడు. ఇంగ్లీషు వాళ్లకు అది మరో లోకం. మనకు ‘పండు తిన్నాడు రాముడు’ అంటే ఏ వింతా లేదు. తెలుగు పాఠకుడికి వింతగా ఉండాలంటే వేరేచోట వెతకాలి. అదే సమయంలో, మన దగ్గర ఉన్న సొత్తు వదులుకోకు. మనం, మేము అనే తేడా ఇంగ్లీషుకు లేదు. కొండ దొర చర్చలంతా ‘మేము’ అంటూ వచ్చి, చివర్లో నోరుజారి ‘మనం’ అన్నాడనుకో, సంధి కుదిరినట్టే. ఆ సర్వనామాన్ని నీ భాషలో గట్టిగా స్థిరపరచు, నాలుగుసార్లు కనబడేలా చెయ్యి, ఐదోసారి వాడుకో.

ధ్వనుల విషయంలో నాకో కంప్లైంట్ ఉంది. నీ దుర్మార్గులందరికీ వత్తులు, ఝ, ఢ, ఘ. మంచివాళ్లందరికీ ల, మ, న. రాక్షసుడు అనగానే పేరు గరుకుగా పలకాలని మన నాటకాలూ సినిమాలూ అలవాటు చేశాయి. ఏ జాతీ పుట్టుకతో కర్కశంగా మాట్లాడదు, వాళ్లకూ జోలపాటలు ఉంటాయి. కొండవాళ్ల జోలపాట ఒకటి రాసి చూడు, ఇకముందు పెట్టే పేర్లను నువ్వే మెత్తబరుస్తావు. అలాగే పేర్లలో అక్షరాల మధ్య పెట్టిన ఆ ఇంగ్లీషు అపాస్ట్రఫీలు తీసెయ్. మన లిపిలో రాసిందే చదువుతాం, మధ్యలో వేలాడే గుర్తును ఎవరూ పలకరు. పేరు పెట్టాక నలుగురికి వినిపించు, వాళ్లలో ఒక తమిళం వాళ్లో హిందీ వాళ్లో ఉంటే మరీ మంచిది. నీ మహారాణి ‘ఎలుకియా’లో నాకు ఎలుక తప్ప ఇంకేం కనబడలేదు నాన్నా. ఆవిడ మూడో అధ్యాయంలోనే కదా వచ్చింది, ఇంకా ఎవరూ చదవలేదు, మార్చెయ్.

లెక్క కూడా ఒకసారి చూసుకో. ‘అవతార్’లో నావి జనానికి చేతికి నాలుగే వేళ్లు, అందుకే వాళ్ల భాష అల్లిన పాల్ ఫ్రోమర్ వాళ్ల లెక్క ఎనిమిది మీద నడిపాడు. నీవాళ్లకు పది వేళ్లే కాబట్టి వదిలేసినా ఫర్వాలేదు, కానీ ఉప్పు కొలిచేవాళ్లకు కొలతల మాటలు లేకపోవడం బాగోలేదు. లిపి ఇప్పుడు వద్దు. కావాలనిపిస్తే వాళ్లు దేనిమీద దేనితో రాస్తారో ముందు తేల్చుకో. రాతిమీద ఉలితో గీసేవాడికి గీతలొస్తాయి, ఆకుమీద గంటంతో రాసేవాడికి గుండ్రాలొస్తాయి.

నవల్లో ఎంత వాడాలి అంటావా? నువ్వు అనుకున్నదాంట్లో పదో వంతు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, రెండు తిట్లు, ఒక పలకరింపు, ఒక సామెత, ఆ జోలపాట. అర్థం పక్కనే బ్రాకెట్‌లో పెట్టకు, సందర్భమే చెప్పాలి. ముసలామె గిన్నె ముందుకు తోసి ఒక మాట అంటే అది ‘తిను’ అని ఎవరికైనా తెలుస్తుంది. మొత్తం భాష పూర్తయ్యాకే కథ రాస్తానని మాత్రం భీష్మించుకోకు. టోల్కీన్ ఫిన్నిష్ వ్యాకరణం మీద మోజుతో 1915 ప్రాంతంలో మొదలుపెట్టి 1973లో పోయేదాకా మారుస్తూనే ఉన్నాడు, పూర్తి కాలేదు. అయినా 1937లో ‘ద హాబిట్’ అనే పుస్తకం బయటికి వచ్చింది.

నాలుగో అధ్యాయం ముట్టుకునే ముందు నాకు ఒక్క కాగితం పంపు. తల్లిభాషలో ఓ ముప్ఫై మాటలు, రెండు భాషల నియమాలు, ఆ మాటలు రెండు వైపులా ఏమయ్యాయో, ఏవి మొండికేశాయో. టైప్ చేయొద్దు, చేత్తో రాసి ఫోటో తీసి పంపు. కొట్టివేతలు కూడా చూడాలి నేను.

ఇట్లు,
మీ పెద్దమ్మ