చెయ్యి ముందు, బుద్ధి వెనక: రాయగడ నుంచి వచ్చిన ఒక సందేహం

"వదినగారూ, ఆగస్టులో న్యూజెర్సీ వస్తున్నాం. బాబుకి పద్నాలుగు నిండాయి. ఏడీహెచ్‌డీ, అంటే కుదురుగా ఉండలేకపోవడం, తమాయించుకోలేకపోవడం అనే సమస్య, అని విశాఖలో డాక్టరు తేల్చారు. చదువు సంగతి అలా ఉంచండి, మరుక్షణం ఏం చేస్తాడో వాడికే తెలీదు. మొన్న హాతీపథర్ దగ్గర లోతైనా చూసుకోకుండా బండ మీంచి నాగావళిలోకి దూకేశాడు. అక్కడ స్కూల్లో ఈ సంగతి చెప్పాలా, దాచాలా? మావారు దాచేద్దామంటున్నారు."

అమ్మా, నీ మెసేజీ చూసేసరికి నేను బరంపురంలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. కరెంటు పోయి అరుగు మీద కూర్చున్నాం. అమ్మకి చదివి వినిపిస్తే, "అచ్చం మన చిన్నాడిలాగే ఉన్నాడే" అంది.

దాచొద్దు. ముందు ఆ మాట చెప్పేశాను, ఇక కారణాలు.

మా అమ్మ చెప్పిన చిన్నాడు మా తమ్ముడు. వాడి చిన్నప్పుడు ఈ రోగానికి మా వీధిలో పేరు లేదు. తెలుగువాళ్లు కుదురులేని గుంటడనేవారు, ఒడియా మాస్టారు దుష్టొ పిలా, అంటే అల్లరి పిల్లాడు, అనేవారు. హౌరా, మద్రాసు లైను మీద గేటు వేసి ఉంటే సైకిల్ని పక్కకి వాల్చి కడ్డీ కిందనుంచి దూరిపోయేవాడు. అయినా వాడు బతికి బట్టకట్టాడంటే ఊరు కాపలా కాసింది. గిరి మార్కెట్లో ఏ అప్పడాల కొట్టాయనో చూసి, చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చేవాడు. అమెరికాలో నీ కొడుకు చెవి పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఇక్కడ చెంపదెబ్బతో పోయే పని అక్కడ పోలీసుల దాకా పోతుంది.

మేమూ అమెరికాలో మావాడి సంగతి దాచాం. మావాడు తొమ్మిదో తరగతిలో ఉండగా, ఫిబ్రవరి చలిలో, మధ్యాహ్నం బడి నడవలోంచి పోతూ గోడ మీద ఎర్రటి అగ్గి అలారం పిడి లాగేశాడు. బడి బడంతా కోట్లు కూడా వేసుకోకుండా మైదానంలోకొచ్చి నిలబడ్డారు. ఎందుకు లాగావురా అంటే, "చెయ్యి ముందు వెళ్లిపోయిందమ్మా, నేను తర్వాత వెళ్లాను" అన్నాడు. అబద్ధమనుకుని మా ఆయన నలభై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చారు. వాడు చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. పది రోజుల సస్పెన్షన్, పోలీసు స్టేషన్లో ఒక సాయంత్రం. వేరే బడికి పంపేస్తామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు బడి కౌన్సిలర్ ఒక్కటే అడిగింది: "ఈ సమస్య ఉందని మీరు ఇంతకుముందు ఎవరికైనా రాసిచ్చారా?" లేదు. నోటితో కూడా చెప్పలేదు.

ఆవిడ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఐడియా అనే చట్టం ఉంది. 1975లో వేరే పేరుతో వచ్చింది, 1990లో ఈ పేరు పెట్టారు. ఏడీహెచ్‌డీ వల్ల చదువు దెబ్బతింటుంటే దీని కింద ఆ పిల్లవాడికి బడి ఏ ప్రత్యేక విద్య, ఏ సాయం ఇవ్వాలో చెప్పే ఐఈపీ అనే పత్రం రాస్తారు. అంతవరకూ వెళ్లనివాళ్లకి, వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదనే 1973 నాటి చట్టంలోని 504వ సెక్షన్ కింద, బడిలో సదుపాయాల కోసం ఇంకో పత్రం ఉంటుంది. ఐఈపీ ఉన్న పిల్లవాణ్ణి వరసగా పది బడిరోజులకి మించి బయట పెట్టాలంటే, ఆ చేసిన పని జబ్బు వల్ల జరిగిందా లేదా అని ముందు కూర్చుని తేల్చాలి. జబ్బు వల్లేనని తేలితే మామూలుగా వాణ్ణి మళ్లీ తన తరగతికే తీసుకోవాలి. ఆయుధాలు, మత్తుమందులు, ఎవరికైనా పెద్ద గాయం చేయడం, వీటికి మాత్రం వేరే లెక్క. ఇంకా పత్రం రాని పిల్లవాడి తల్లి కూడా, గొడవ జరగక ముందే టీచరుకో ప్రిన్సిపాల్‌కో తన ఆందోళన రాసిచ్చి ఉంటే, బడికి ముందే తెలుసు అన్నట్టు లెక్క, ఆ రక్షణ అడగొచ్చు. ఒక్క కాగితం, అర పేజీ. అదే మా దగ్గర లేకపోయింది.

కాబట్టి బడిలో చేర్చిన వారంలోనే ఉత్తరం పెట్టు. న్యూజెర్సీలో దీన్ని చూసేవాళ్లని చైల్డ్ స్టడీ టీమ్ అంటారు. "మా బాబుకి ఏడీహెచ్‌డీ ఉంది, దుడుకుతనం వల్ల ప్రమాదంలో పడుతున్నాడు, ప్రత్యేక విద్య కోసం పరీక్షించమని కోరుతున్నాం" అని రాసి, తేదీ వేసి, నకలు దాచుకో. అందిన ఇరవై రోజుల్లోగా వాళ్లు మీతో కూర్చోవాలి. పరీక్షలకి పైసా తీసుకోరు. విశాఖ డాక్టరుగారి రిపోర్టు ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో, మోతాదుతో తెచ్చుకో. ఆ రిపోర్టు చూపగానే పత్రం చేతికొస్తుందనుకోకు, బడివాళ్లు తమ పరీక్ష తాము చేసుకుంటారు. మీవారి భయం నాకు తెలుసు, రికార్డుల్లో ఎక్కితే రేపు కాలేజీ, వీసా అని. బడి రికార్డుల్ని మామూలుగా మీ అనుమతి లేకుండా బయటివాళ్లకి ఇవ్వకూడదని 1974 నాటి ఫెర్పా చట్టం చెబుతోంది. పోలీసు రికార్డుతో పోలిస్తే ఈ రికార్డు ఎంత?

ఇక ఇంటి సంగతి. ఈ పిల్లల్లో మెదడు పైపొర, ముఖ్యంగా ముందు భాగం, ఎదగడం దాదాపు మూడేళ్లు వెనకపడుతుందని 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు చూపించారు. రస్సెల్ బార్క్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా తేలిగ్గా చెబుతాడు: తమాయించుకునే శక్తిలో వయసుకంటే సుమారు ముప్ఫై శాతం తక్కువ లెక్కేసుకోండి అని. అంటే మీ పద్నాలుగేళ్లవాడు ఆ ఒక్క విషయంలో పదేళ్లవాడు. పదేళ్లవాణ్ణి నదిగట్టున వదిలి "జాగ్రత్తగా ఉండు" అని చెప్పి వచ్చేస్తామా?

ఏది తప్పో వీళ్లకి తెలుసు. అడిగితే మనకంటే బాగా చెబుతారు. తెలిసింది ఆ క్షణంలో చేతికి అందదు, అదీ వీళ్ల బాధ. అందుకే నీతిబోధ దండగ. మనం చేయాల్సింది చేతికీ బుద్ధికీ మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టడం. మావాడి విషయంలో అది అనుకోకుండా దొరికింది. ఒక సెలవుల్లో మా అమ్మ వాడికి ఒడియాలో అంకెలు నేర్పింది. ఎకొ, దుయి, తిని, చారి, పాంచొ... ఇంగ్లీషులో పది దాకా లెక్కపెట్టమంటే ఒక్క ఊపిరిలో అనేసి చేసేది చేసేస్తాడు. ఒడియాలో అయితే ఛొ దగ్గరో సాతొ దగ్గరో తడుముకుంటాడు. ఆ తడుముకోవడమే మాకు కావాల్సింది. మెసేజీ పంపే ముందు, ఎవరైనా "దమ్ముంటే చెయ్యి" అన్నప్పుడు, నాతో గొడవపడి తలుపు ధడేల్మనిపించే ముందు, ఒడియా పది. మొదట్లో ఉత్తప్పుడు, ఇద్దరం నవ్వుకుంటూ వంటింట్లో వందసార్లు చేశాం. కోపంలో మొదటిసారి నేర్పబోతే ఎక్కదు. మీవాడికి ఒడియా మాతృభాషలాగే వచ్చుంటుంది, మరి మీరు ఇంకేదో వెతుక్కోవాలి. వెనకనుంచి ఎక్కం చెప్పించు.

ఇంకోటి, అప్పడం. పార్టీలోనో ఎవరి కారులోనో ఉండి వాడికి భయమేసిందనుకో, "అప్పడం" అని మెసేజీ పెడతాడు. నేను వెంటనే ఫోన్ చేసి, బరంపురం నుంచి అమ్మమ్మ ఫోన్, అర్జెంటుగా ఇంటికి రా అంటాను. స్నేహితుల ముందు పరువు పోదు, తిట్లన్నీ నాకు. ఎక్కడున్నాడో వెళ్లి తీసుకొస్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్న వేయం. మొదటిసారి ఆ నోరు మూసుకోవడం మా ఆయనకి ఎంత కష్టమైందో. కారులో రేడియో పెట్టుకుని పళ్లు కొరుకుతూ నడిపారు. మర్నాడు టిఫిన్ దగ్గర వాడే చెప్పాడు.

మెచ్చుకోలు అప్పటికప్పుడు పడాలి. నెలంతా బాగుంటే సైకిలు కొంటానంటే వాళ్లకి నెలంటే వచ్చే జన్మ.

మందు గురించి భయపడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మన దగ్గరా డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. దీనికే వాడే ఇంకో మందు ఆడెరాల్ ఇక్కడ అమ్మరు. అమెరికాలో ఈ రెండూ గట్టి అదుపులో ఉండే రెండో షెడ్యూలు మందులు. ఒకే చీటీ మీద మళ్లీమళ్లీ ఇవ్వరు, ప్రతిసారీ డాక్టరు కొత్తది రాయాలి. మాత్రలు నీ బీరువాలో ఉండాలి, లెక్క నీ దగ్గర ఉండాలి. బడిలో వేసుకోవాల్సి వస్తే నర్సు దగ్గర పెట్టాలి, సంచిలో కాదు. పరీక్షల ముందు స్నేహితులు ఒక్కటివ్వరా అంటారు. ఇచ్చేయడం వీళ్లకి క్షణం పని, అక్కడ అది నేరం. సరదాకి బాంబు అని రాయడం, తోటిపిల్లల బట్టల్లేని ఫొటో ఇంకొకరికి పంపడం కూడా అంతే, నవ్వుకుని వదిలేయరు. గంజాయి మిఠాయిల మాట ప్రత్యేకంగా చెప్పు. న్యూజెర్సీలో 21 నిండినవాళ్లకి గంజాయి చట్టబద్ధమే కదా అంటారు పిల్లలు. మన వీసాలు చూసేది కేంద్ర చట్టం, దాని ప్రకారం అది ఇంకా నేరమే. ఈ మాటలన్నీ ఒకే రోజు చెప్పకు, ఒక్కోటి ఒక్కో కారు ప్రయాణంలో. పక్కపక్కన కూర్చుని, రోడ్డు చూస్తూ మాట్లాడితే వింటారు.

కారంటే గుర్తొచ్చింది, పదహారు రాగానే మీవాడు లైసెన్సు పాట ఎత్తుకుంటాడు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివాళ్లు న్యూజెర్సీ కుర్రాళ్ల రికార్డులే చూసి, ఏడీహెచ్‌డీ ఉన్న కొత్త డ్రైవర్లకి ప్రమాదాల ముప్పు 36 శాతం ఎక్కువని 2017లో రాశారు. పొద్దున వేసిన మందు సాయంత్రానికి తగ్గిపోతుందని కూడా మర్చిపోకు. అక్కడ పదిహేడుకి ఇచ్చేది ప్రొబేషన్ లైసెన్సు. నంబరు ప్లేటు మీద ఎర్ర స్టిక్కరు, రాత్రి పదకొండు దాటితే బండి తీయకూడదు, ఫోను చేతిలో పట్టుకోకుండా మాట్లాడటం కూడా కుదరదు. మేం పద్దెనిమిదిన్నర దాకా ఆపాం. వాడు మూడు నెలలు నాతో ముభావంగా ఉన్నాడు. ఉండనీ అనుకున్నాను.

మావాడికి ఇప్పుడు ఇరవై. నాతోనే బరంపురం వచ్చాడు, జూలై చివరిదాకా ఇక్కడే. నీ కొడుకుని ఒకరోజు రైలెక్కించి తీసుకురా. నాతో మాట్లాడించక్కర్లేదు, వాళ్లిద్దర్నీ గోపాల్‌పూర్ పంపేద్దాం. ఆటోలోనే వెళ్తారు. మా అన్నయ్య స్కూటర్ తాళం నా కొంగున ఉంది.