బోర్ చేయించిన అంబాసిడర్ పొద్దున స్టార్ట్ కాకపోతే ఇంజన్ మళ్ళీ దించనివ్వకండి

మీ అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌కి బోర్ చేయించి (అరిగిన సిలిండర్లను కొంచెం పెద్దగా కోయించి), కొత్త పిస్టన్లు, రింగులు వేయించారు. మధ్యాహ్నం స్టార్ట్ అవుతోంది, చలి పొద్దున మాత్రం చోక్ (చలిలో పెట్రోల్ ఎక్కువ పంపే నాబ్) లాగినా సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) బరువుగా తిరిగి ఆగిపోతోంది. మెకానిక్ ఇంజన్ మళ్ళీ దించాలంటున్నాడు, దించనివ్వాలా అని అడిగారు.

వద్దు. సరిగ్గా ఈ బాధే నేను పడ్డాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

హన్మకొండలో మా బాపు 1983లో కొన్న మార్క్ 4 మాది. 1489 సీసీ ఇంజన్. రెండేళ్ళ కింద కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూస్తే రెండు సిలిండర్లలో బాగా తక్కువ వచ్చింది. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పెరిగింది, ఆయిల్ మూసేది రింగుల సందునే కదా, అంటే వాల్వులు కాదు, రింగులు, బోరే అరిగాయని తేలింది. 20 థౌ (అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు) బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించాం, క్రాంక్ గ్రైండింగ్ కూడా అయింది. సామాన్లు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెచ్చుకున్నాం. హెడ్ విప్పినప్పుడే గట్టి వాల్వ్ సీట్లు (వాల్వ్ మూసుకుని ఆనే చోటు) కూడా వేయించాను. 2000లో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది, ఈ పాత హెడ్‌లలో సీటు పోత ఇనుమే కాబట్టి సీసం లేకపోతే త్వరగా అరుగుతుంది. మీరు వేయించకపోతే ఇప్పుడు కంగారు పడకండి, టాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఖాళీ) మాత్రం అప్పుడప్పుడు చూసుకోండి.

బండి కూర్చింది డిసెంబర్‌లో. మొదటి పొద్దుగాలే సెల్ఫ్ మూలిగింది. "కొత్త రింగులు కదా, టైట్ ఉంటది" అన్నారు అందరూ. వారం తర్వాత కూడా అదే. అంత ఖర్చు పెట్టాక మళ్ళీ విప్పాలంటే మా ఇంట్లో అందరికీ టెన్షన్. ఒకరోజు వరుసగా నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి, చోక్ లోపలికి తోద్దామని పట్టుకుంటే చేయి చురుక్కుమంది. చోక్ వైర్ కాలుతోంది! బానెట్ ఎత్తి చూస్తే వైర్ పై తొడుగు మెత్తబడి ఉంది.

దొరికింది అక్కడే. ఇంజన్ రబ్బర్ మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బర్‌లో కరెంట్ పారదు. సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లు బాడీకి తిరిగి వెళ్ళడానికి ఇంజన్‌కీ బాడీకీ మధ్య జడలాగా అల్లిన ఎర్త్ పట్టీ ఉండాలి. ఇంజన్ ఎక్కించినప్పుడు దాన్ని బిగించడం మరిచారు. పాత బోల్టుల డబ్బాలో దొరికింది. దారి లేక కరెంట్ అంతా బాడీనీ ఇంజన్నీ కలిపే సన్నటి చోక్ వైర్ గుండా పోతోంది. మధ్యాహ్నం ఆయిల్ పలచబడి ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ కొద్ది కరెంటే సరిపోయేది. మీ బండి లక్షణం కూడా ఇదే కదా.

మీది తేల్చుకోవడం సులువు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండో కొన ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్ట్ దాటితే ఎర్త్ బాగాలేనట్టే. మీటర్ లేకపోతే జంపర్ కేబుల్‌తో ఆ రెంటినీ నేరుగా కలిపి కొట్టి చూడండి. సెల్ఫ్ హుషారుగా తిరిగితే జవాబు దొరికినట్టే. పట్టీ ఉన్నా, దాని కింద కొత్త పెయింట్ ఉంటే గీకి బిగించండి. బోర్ చేయించాక ఇంజన్‌కి రంగు వేయడం మనవాళ్ళకు అలవాటే.

ఇక చోక్. మీ బండికి ఎస్‌యూ కార్బొరేటరే ఉందనుకుంటున్నా. ఇందులో గాలిని మూసే రేకు ఉండదు. చోక్ లాగితే అడుగున జెట్ (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) కిందికి దిగుతుంది, అందులో ఉండే సూది కొనవైపు సన్నం కాబట్టి చుట్టూ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. మొదట కొంచెం లాగినంతవరకు థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది) మాత్రమే తెరుచుకుంటుంది, జెట్ దిగేది ఆ తర్వాతే. వైర్ క్లాంపులో జారుతుంటే లోపల నాబ్ మొత్తం బయటికి వచ్చినా జెట్ కదలదు. ఒకరు లాగుతుంటే మీరు కింది నుంచి చూడండి: జెట్ దిగాలి, తోస్తే పూర్తిగా పైకి రావాలి. నేను కాలిన వైర్ మార్చాక కూడా ఈ క్లాంప్ వదులుండి ఇంకో రెండు రోజులు తిప్పలు పడ్డాను.

ఫియట్ నడిపిన అలవాటుతో స్టార్ట్ చేసే ముందు యాక్సిలరేటర్ తొక్కకండి. ఎస్‌యూలో యాక్సిలరేటర్ పంప్ లేదు, తొక్కితే పెట్రోల్ రాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొక్కితే జెట్ మీద లాగుడు తగ్గి ఇంకా నష్టం.

బండి నాలుగైదు రోజులు నిలబడితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఆరిపోతుంది. పంప్ కింద చేతి లివర్ ఉంటే పది పదిహేను సార్లు కొట్టండి. లివర్ వదులుగా తగిలితే ఇంజన్‌ని కొంచెం తిప్పి మళ్ళీ కొట్టాలి. పంప్ డయాఫ్రమ్, పెట్రోల్ పైపులు పాతవైతే మార్చేయండి, ఈ-20 పెట్రోల్‌లోని ఇథనాల్‌కి పాత రబ్బర్ ఉబ్బి పగులుతుంది.

స్టార్ట్ అయ్యాక చోక్‌ని ఎంత త్వరగా తోయగలిగితే అంత త్వరగా తోసేయండి. ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, మీ రింగులు ఇంకా కుదురుకోలేదు. ఇన్ని రోజులుగా చోక్ లాగి సెల్ఫ్ కొడుతున్నారు కాబట్టి ఈరోజే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చాకే బండి బయటికి తీయండి.