తెల్లారనిద్దాం అనే మాట

నా బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

మొన్న రాత్రి పదకొండున్నరకు నువ్వు ఫోన్ చేసి "పెద్దమ్మా, మామయ్యకు ఛాతీల పట్టేసినట్టు ఉన్నదంట, సోడా తాగిపించమంటవా?" అని అడిగిన కాన్నుంచి నాకు కుదురు లేదు. ఆయన గండం గట్టెక్కి ఇంటికొచ్చిండు, సంతోషం. కానీ తర్వాత నువ్వు చెప్పిన ఇంకో ముచ్చట మనసుల ముల్లు లెక్క ఉండిపోయింది. నొప్పి మొదలైంది రాత్రి ఎనిమిదింటికట. మూడున్నర గంటలు ఇంటిల్లిపాది "తెల్లారనిద్దాం, పొద్దుగాల చూపిద్దాం" అనుకుంట కూసున్నరట. ముప్పై రెండేండ్లు సర్కారు దవాఖానల్ల నర్సుగ చేసిన బిడ్డా. ఈ ఒక్క మాట ఎంతమందిని పట్టుకపోయిందో నా కండ్లతోని చూసిన. ఫోన్ల అన్నీ చెప్పలేక రాస్తున్న. నిమ్మళంగ చదువు, మీ అత్తమ్మకు కూడ చదివి వినిపియ్యి.

ముందుగాల నా తప్పు చెప్త. మా అత్తమ్మది కూడ మీ నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కే. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ తాగి తాగి బొక్కలు బిగుసుకపోయిన మనిషి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేది. ఇయ్యాళ కృష్ణ నీళ్లు నల్లాల వస్తున్నయి గానీ, ఆ కాలం మనుషుల బొక్కల్లకు ఎక్కింది దిగలేదు. ఇరవై ఏండ్లు "నడుము నొప్పి, మెడ నొప్పి, రెక్కలు గుంజుతున్నయి" అంటనే ఉన్నది. ఒకనాడు పొద్దుగాల "మెడ కాడ పట్టేసింది బిడ్డా, దవడ కూడ లాగుతున్నది, ఎందుకో చెమటలు పోస్తున్నయి" అన్నది. నేను రోజూ వినే మాటే అనుకున్న. మందు రాసి, నొప్పి గోలి ఒకటి ఇచ్చి డ్యూటీకి పోయిన. పదకొండింటికి ఇంటి పక్కామె ఫోన్ చేసింది. దవాఖానకు తెచ్చి ఈసీజీ తీస్తే గుండెపోటు. బతికింది, కానీ గుండె సగం బలం పోయింది. తర్వాత నాలుగేండ్లు పది అడుగులు నడిస్తే దమ్మొచ్చి కూలబడేది. నర్సునై ఉండి, ఇంట్లనే ఉండి, నేను పట్టుకోలేదు. నొప్పి పాతదే అనుకున్న గానీ, ఆ దవడ లాగుడు కొత్తది, ఆ చెమట కొత్తది.

ఏం జబ్బో తేల్చుడు నీ పని కాదు, డాక్టరు పని. నువ్వు చూడాల్సింది, ఇది ఈ మనిషికి కొత్తదా, ఉన్నట్టుండి వచ్చిందా, నిమిష నిమిషానికి ఎక్కువైతున్నదా అని. రోజూ కండ్ల ముందర తిరిగే మనిషి ఇయ్యాళ వేరే తీరుగ ఉన్నడని పెద్ద డాక్టరు కంటే ముందు ఇంట్లోళ్లకే తెలుస్తది.

గుండె సంగతి తీసుకో. అందరు అనుకున్నట్టు ఛాతీ పట్టుకొని కింద పడుడు అన్నిసార్లు ఉండదు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, లేదంటే పిండేసినట్టు, మంట పుట్టినట్టు. అది ఎడమ రెక్కకు, దవడకు, వీపుకు పాకుతది. చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టు, దమ్ము. షుగర్ ఉన్నోళ్లకు, ఆడోళ్లకు, వయసు మళ్లినోళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు, ఉట్టి ఆయాసం, నీరసమే. మీ అత్తమ్మకు షుగర్ ఉన్నది, ఇది యాది పెట్టుకో. గ్యాసా గుండెనా అని ఇంట్ల తేల్చుకోవద్దు. సోడాకు తేన్పు వచ్చి జర హాయిగ అనిపించినంత మాత్రాన గుండె మంచిగున్నట్టు కాదు. నొప్పి పది నిమిషాలల్ల తగ్గకపోతే, లేదంటే నొప్పితోని చెమటో దమ్మో కలిస్తే, 108కు ఫోన్ కొట్టు. 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇంట్ల ఉంటే, ఆ మందు పడని మనిషి కాకపోతే, రక్తం పోయే జబ్బు లేకపోతే, 108 వాళ్లను అడిగి నమిలి మింగిపియ్యి. దవాఖానల మొదటి ఈసీజీ మంచిగ వచ్చినా లేచి ఇంటికి రావద్దు. కొన్నిసార్లు అది రెండోసారి, మూడోసారి తీసినప్పుడు పడుతది. రక్తపరీక్ష కూడ చెయ్యాలె.

మీ ఊరి ఆర్‌ఎంపీ మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. కానీ ఛాతీ నొప్పికి ఆయన సూది ఏసి, గ్లూకోజు ఎక్కిస్తే, ఆ సీసా అయిపోయేదాకా రెండు గంటలు పోతయి. గుండె కండ చచ్చేది ఆ రెండు గంటలల్లనే. ఆయన వచ్చినా రాకున్నా ఫోన్ మాత్రం ముందు 108కు పోవాలె. మనిషిని మోటరు సైకిల్ మీద ఇద్దరి నడుమ కూసోపెట్టి తీసుకపోకు, నడిపియ్యకు.

పక్షవాతానికి గడియారమే ముఖ్యం. మూతి ఒక దిక్కు జారింది, చెయ్యో కాలో ఒక పక్క పడిపోయింది, మాట తొట్రుపడుతున్నది, కండ్లు ఉన్నట్టుండి కనపడ్తలేవు, తూలుతున్నడు. ఇవన్నీ ఒకేసారి రానక్కర్లేదు, ఒక్కటి చాలు. నవ్వమను, రెండు చేతులు ముందుకు చాపి పట్టమను, "రేపు చెల్కకు పోవాలె" అని చెప్పమను. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి కిందికి జారినా, మాట ముద్దగ వచ్చినా అప్పుడే బయలెల్లు. మెదడుల గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలనే ఇస్తరు. అది కూడ సీటీ స్కాన్ తీసి, రక్తనాళం పగల్లేదని చూసినంకనే. అందుకే ఫోన్ల 108 వాళ్లతోని "సీటీ స్కాన్ ఉన్న దవాఖానకే తీసుకపోండి" అని చెప్పు. స్కాన్ లేని కాడికి పోయి అక్కడినుంచి ఇంకో కాడికి పంపేసరికి ఆ గంటలు అయిపోయినోళ్లను చాన మందిని చూసిన. మనిషి ఆఖరుసారి మంచిగున్నది ఎప్పుడో కాగితం మీద రాసుకో. నిద్ర లేచేసరికే అట్ల ఉంటే, పండుకున్న టైము చెప్పు. బీపీ ఎక్కువున్నదని నాలుక కింద గోలి పెట్టకు, ఆస్పిరిన్ ఇయ్యకు, నీళ్లు తాగిపియ్యకు. మింగలేక నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతయి. పది నిమిషాలల్ల అంతా సర్దుకున్నా అదే రోజు చూపియ్యాలె, అది రాబోయే పెద్ద దెబ్బకు ముందు వచ్చిన కబురు కావొచ్చు. పసరు తాగిపించుడు, పావురం రక్తం రాసుడు అని ఎవరన్నా సలహా చెప్తే, దండం పెట్టి పంపియ్యి. ఒక్క సంగతి. షుగర్ మందులు ఏసుకునేటోళ్లకు షుగర్ పడిపోయినా అచ్చం ఇట్లనే మాట తడబడుతది, చెమట పడుతది, వణుకుతరు. ఇంట్ల మిషన్ ఉంటే చూడు. 70 కంటే తక్కువుంటే, తెలివిగ మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి ఇయ్యి. తెలివి లేకపోతే నోట్లె ఏమీ పొయ్యకు.

మీ ఇంట్ల వానకాలం అందరు కింద చాప ఏసుకొని పండుకుంటరన్నవు. ఇది విను. కట్లపాము రాత్రిపూట తిరుగుతది, అది కరిచింది చాన మందికి తెల్వనే తెల్వదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడ సరిగ కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తరు, కండ్ల రెప్పలు వాలిపోతయి, మింగుడు పడదు, తాగిన మనిషి లెక్క మాట్లాడుతరు. అట్ల కనపడితే పాము కోసం ఎతకకు, దవాఖానకు పో. రక్తపింజర అయితే వాపు, నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం. ఏ పామైనా తాడుతోని బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుంట ఒక కట్టె పెట్టి బట్టతోని వదులుగ కట్టు, గాజులు, మెట్టెలు, ఉంగరాలు తియ్యి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి పనిచేసే సూది ఒకటే ఉంటది, సర్కారు దవాఖానల పైసలు తీసుకోరు. ఏ పామో తెల్వాలని దాన్ని చంపి సంచిల ఏసుకొని వచ్చి, దారిల రెండో మనిషిని కరిపించుకున్నోళ్లు ఉన్నరు. మంత్రం ఏసేటాయన కాడ గంటసేపు కూసుంటే ఊపిరి ఆగుతది. విషం లేని పాము కరిచినోళ్లు ఎట్లైనా బతుకుతరు, ఆయన పేరు నిలబడేది వాళ్లతోనే.

పత్తికి మందు కొట్టే దినాలల్ల అల్లుడిని, కూలోళ్లను కనిపెట్టుకొని ఉండు. నోటెంట నురగ, లాలాజలం, చెమటలు, కంటిపాప గుండుసూది మొన లెక్క చిన్నగ అవుడు, వాంతులు, ఛాతీ పట్టేసుడు, ఇవి పురుగుల మందు ఒంట్లెకు పోయిన గుర్తులు. ముందు బట్టలు ఇప్పి, సబ్బుతోని ఒళ్లంత కడిగి, ఆ డబ్బా పట్టుకొనే దవాఖానకు పోవాలె. మందు ఏదో తెలిస్తే సరైన విరుగుడు తొందరగ ఇస్తరు. పొరపాటునో ఇంకెట్లనో కడుపులకు పోతే ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు తాగిపించి కక్కిచ్చొద్దు. అది లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తది, ఊపిరితిత్తులల్లకు పోతది. గడ్డిమందుల్ల పారాక్వాట్ అనేది ఉంటది, దానికి విరుగుడే లేదు. మొదటి రోజు మనిషి లేచి మాట్లాడుతడు, ఛాయ తాగుతడు, "మంచిగనే ఉన్నడు కదా" అని ఇంటికి తీసుకపోతరు. రెండు మూడు రోజులకు కిడ్నీలు, ఊపిరితిత్తులు పోతయి. మంచిగున్నా దవాఖానలనే ఉండాలె. ఎవరన్నా కావాలనే తాగితే పోలీసు కేసైతదని దాచిపెట్టకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిల ఉన్నట్టే చూస్తది, శిక్ష పడదు. ఏ దవాఖానైనా ముందు పాణం కాపాడాలె, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లనే చెప్పింది. ఇంట్ల ఎవరన్నా బతుకు మీద విసిగిన మాటలు మాట్లాడితే సర్కారు మానసిక సాయం నెంబరు 14416కు ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులనే మాట్లాడుతరు.

ఇగ నా మనుమడు. వానికి ఎనిమిది నెలలు. జరం వచ్చిన ప్రతిసారి 108 అక్కర్లేదు. జరం మందు ఏసినంక జరం దిగి, పాలు తాగుతూ, నవ్వుతూ ఉంటే పొద్దుగాల పీహెచ్‌సీల చూపించు, భయం లేదు. కానీ వాడు పండుకున్నప్పుడు అంగి ఎత్తి, గడియారం పెట్టుకొని పూరా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తదో లెక్కపెట్టు. ఈ వయసుల 50, అంతకు మించితే నిమోనియా కావొచ్చు. ఏడాది దాటినంక 40 లెక్క. ఊపిరి తీసినప్పుడు డొక్కల కింద లోపలికి గుంజుతుంటే, పాలు పట్టకపోతే, ఎంత లేపినా మత్తుగ ఉంటే, ఫిట్స్ వస్తే రాత్రి పగలు చూడకు. విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగిపియ్యి. కండ్లు గుంటలు పడి, ఆరేడు గంటలు ఒంటికి పోకపోతే ఆగకు. రెండు నెలలు నిండని పసిగుడ్డుకైతే ఉట్టి జరమే చాలు, దవాఖానకు పోవాలె.

మీ ఆడబిడ్డ కాన్పుకు వస్తదన్నవు. మామూలు చూపించుడుకు పొయ్యేటందుకు 102 బండి ఉన్నది. కానీ రక్తం పోయినా, తలనొప్పి తగ్గకుంట కండ్లు మసకబారినా, మొఖం చేతులు ఉబ్బినా, బీపీ 140/90కి మించినా, ఉమ్మనీరు పోయినా, కడుపుల బిడ్డ కదులుడు తగ్గినా, 108 కొట్టు. కాన్పైనంక గంటల ఒక ప్యాడ్ పూరా తడిసిపోతుంటే అది ఎక్కువ రక్తమే. "కాన్పుల పోతదిలే" అనేటోళ్ల మాట వినకు.

ఎండకాలం చేను కాడ మనిషి ఒళ్లు కాలిపోతూ మాట తప్పితే వడదెబ్బ. నీడకు తెచ్చి, ఒళ్లంత తడిపి, గాలి విసురుతూనే 108 పిలువు. డెంగీల జరం దిగిందని సంబురపడకు. దిగిన రెండు దినాలే గడ్డు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, నల్ల విరేచనం చూడు. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి గోలీలు వద్దు.

నేను నౌకరిల చేరిన కొత్తల మనుషులను ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద తెచ్చేటోళ్లు. 108 బండి 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పుడు ఫోన్ కొడితే వచ్చే కాలంల కూడ మనం కూసుంటున్నం అంటే పైసల భయం, "ఏం లేకపోతే నలుగురు నవ్వుతరు" అనే సిగ్గు. నవ్వనియ్యి. ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల దాకా చూస్తరు. ఆ కార్డు ఎక్కడున్నదో ఎతుక్కుంట బయలెల్లుడు ఆపకు, తర్వాత ఎవరన్నా తెస్తరు.

ఈ ఆదివారం ఒక అట్టముక్క తీసుకో. మీ ఊరు, మండలం, మీ ఇంటి గుర్తు రాయి, "పోచమ్మ గుడి దాటినంక వాటర్ ట్యాంకు పక్కన" అని. రాత్రి కంగారుల ఎవరికీ నోరు తిరగదు. దాని కింద మీ అత్తమ్మ, మామయ్య ఏసుకునే గోలీల పేర్లు, వాళ్లకు పడని మందులు, అల్లుడి నెంబరు, పక్కింటోళ్ల నెంబరు. తలుపు ఎనుక మేకు కొట్టి ఏలాడదియ్యి. రాత్రిపూట రోడ్డు మీదికి లైటు పట్టుకొని ఎవరు పోవాలె, పిల్లవాణ్ని ఎవరి కాడ వదలాలె అని ఇప్పుడే అనుకొని పెట్టుకోండి. రాసినంక ఫొటో తీసి నాకు పంపు, గోలీల పేర్లు సరిగున్నయో లేదో నేను చూస్త.

మామయ్యకు ఉప్పు తగ్గియ్యమని చెప్పు. నెల తర్వాత చూపించుకోవాలె కదా, ఆ తారీఖు కూడ ఆ అట్ట మీదనే రాయి.

నీ పెద్దమ్మ