పాముపొడ: తెగులా, పురుగా?

సందేహం: మా బత్తాయి తోటలో లేతాకుల మీద తెల్లటి మెలికల గీతలు పడ్డాయి. మా నాన్న ‘పాముపొడ’ అన్నారు. వరి పండించే మా మామయ్యేమో ‘పాముపొడ వరికొచ్చే తెగులురా’ అని వాదన. నేను ఒకచోట ‘పత్రఖనకం’ అని చదివాను. ఏది సరైన మాట?

సమాధానం: నాన్నగారి మాటా ఒప్పే, మామయ్యగారి మాటా ఒప్పే. ఇద్దరూ పామునే చూశారు గానీ, ఒకరు దాని ఒళ్లు చూశారు, ఇంకొకరు నడక చూశారు.

పొడ అంటే మచ్చ. పులి ఒంటిమీద ఉండేవి పొడలే. వరి దుబ్బు అడుగున శిలీంధ్రం వల్ల పడ్డ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పాము చర్మంలా కనిపిస్తాయి. బత్తాయి ఆకు మీద కనబడేది ఒక పురుగు పాకిన మెలికల దారి. ‘ఎండ పొడ తగలని ఇల్లు’, ‘వాడి పొడ గిట్టదు’ అంటాం కదా, ఆ ‘జాడ’ అర్థం కూడా ఇక్కడ కలిసిందని నా ఊహ.

ఒక ఆకు తెంపి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెండి గీత నడుమ సన్నటి నల్ల చార కనిపిస్తుంది. అది పురుగు విసర్జించినది. గీత చివర లేత పసుపు పిల్ల పురుగు ఉంటుంది. ఎదిగాక ఆకు అంచు మడిచి అందులోనే గూడు కడుతుంది. దీన్నే కొందరు ‘ఆకుముడత పురుగు’ అనడం అందుకే.

‘పత్రఖనకం’ అంటే ఆకును తవ్వేది, ఆ మాట తప్పు కాదు. కాకపోతే ఖనకుడంటే లక్కయింటి కింద సొరంగం తవ్వినవాడు గుర్తొస్తాడు, ఇంత చిన్న పురుగుకి అంత బరువు పేరెందుకు? దీనికున్న మరో పేరు ‘ఆకు తొలిచే పురుగు’తో నాకు కొంచెం పేచీ ఉంది. తొలిస్తే చిల్లు పడాలి, ఇది పైపొర కిందే పాకుతుంది. 1856లో ఆంగ్లేయ కీటక శాస్త్రజ్ఞుడు స్టెయింటన్ కలకత్తా నమూనాలు చూసి పెట్టిన ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అన్న శాస్త్రీయ నామంలోనూ ‘ఆకును గీరేది’ అనే అర్థమే ఉంది.

రెక్కలొచ్చిన దాన్ని ‘చిమ్మట’ అనకండి, వినేవాళ్లకి బట్టలు కొరికేదే మనసులో మెదులుతుంది. రైతులు ‘తల్లి పురుగు’ అంటారు. రెక్కలు చాపినా సెంటీమీటరు ఉండదు. తమాషా ఏమిటంటే మగదీ తల్లి పురుగే! ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టల్లో పడేవన్నీ మగ తల్లులే మరి.

మందుల షాపుకి వెళ్లినప్పుడు మాత్రం ‘బత్తాయిలో పాముపొడ పురుగు’ అని పంట పేరుతో సహా అడగండి. ఒట్టి ‘పాముపొడ’ అంటే వరి తెగులు మందు చేతిలో పెట్టేస్తారు.