జాలీ డిజైన్ల సైజు తప్పుతోంటే: మౌనికకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి మౌనికకు పెదనాన్న ఆశీస్సులు.

ముగ్గురు డిజైనర్లు పంపే జాలీ (చిల్లుల ప్యానెల్) డిజైన్లు ఆటోక్యాడ్‌లోకి తెచ్చేసరికి ఒకటి గోరంత, ఇంకొకటి కొండంత వస్తున్నాయనీ, ప్రతిసారీ కంటి అంచనాతో లాగి సరిపెడుతున్నాననీ రాశావు. ముందు ఆ లాగడం మానెయ్యమ్మా. ఫైలు ఎన్ని రెట్లు తప్పిందో లెక్క కడితే తప్పు ఎక్కడ దూరిందో ఆ అంకే చెప్పేస్తుంది. లాగేశాక ఆ ఆధారం పోతుంది.

డిజైనర్లు గీసే ఎస్‌వీజీ అనే బొమ్మల ఫైలుని ఆటోక్యాడ్ నేరుగా తెరవదు. కాబట్టి ఆ డిజైన్ ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో డీఎక్స్‌ఎఫ్‌గా, అంటే క్యాడ్ చదవగల ఫైలుగా మారి నీ దాకా వస్తుంది. ఒక యూనిట్ అంటే ఎంత అనే దగ్గర వీటికి ఒకదానితో ఒకదానికి పొసగదు. ఇప్పటి లెక్కలో ఎస్‌వీజీ పిక్సెల్ అంటే అంగుళంలో 96వ వంతు. 2017లో 0.92 వెర్షన్ వచ్చేదాకా ఇంక్‌స్కేప్ దాన్ని 90వ వంతుగా పట్టుకుంది. ఇలస్ట్రేటర్ లెక్క పాయింట్లలో, అంటే 72వ వంతు. డీఎక్స్‌ఎఫ్‌లోకి దిగాక ఇవన్నీ ఉత్త అంకెలే, పక్కన మి.మీ. అని గానీ అంగుళం అని గానీ ఉండదు.

600 మి.మీ. వెడల్పు, 900 ఎత్తు ఉన్న ప్యానెల్ వచ్చిందనుకో. దాన్ని ఓపెన్ చేసి, యూనిట్స్‌లో ప్రెసిషన్ నాలుగు దశాంశాలకు పెట్టి, దూరం కొలిచే డీఐ కమాండ్ కొట్టి, మూలలకు స్నాప్ చేసి వెడల్పు కొలువు. 2267.7 వస్తే పిక్సెళ్లు అలాగే దిగిపోయాయి, 3.7795 రెట్లు. 1700.8 వస్తే పాయింట్లు, 2.8346 రెట్లు. ఈ రెండూ పెద్ద తప్పులు, కాబట్టి భయం లేదు. ఎవరి కంటికైనా ఆనుతాయి.

భయపడాల్సింది 562.5 వచ్చినప్పుడు. పాత ఇంక్‌స్కేప్‌లో గీసిన ఫైలును కొత్తదాంట్లో తెరిస్తే 90కీ 96కీ మధ్య తేడా వల్ల కొలత 0.9375 రెట్లవుతుంది. నిజానికి పాత ఫైలు తెరవగానే కొత్త ఇంక్‌స్కేప్ ఒక ప్రశ్న అడుగుతుంది. చదవకుండా ఓకే కొట్టేస్తారు. తెర మీద చూస్తే అంతా బాగానే ఉంటుంది. కట్ అయిన షీటు ఫ్రేములో పెట్టినప్పుడు గానీ ఒకటిన్నర అంగుళం తక్కువని తెలీదు. 450 వచ్చిందంటే ఇలస్ట్రేటర్ ఎస్‌వీజీని ఎవరో ఇంక్‌స్కేప్‌లో తెరిచి పంపారు. 72ని 96తో భాగిస్తే 0.75. సరిగ్గా 60 వస్తే అది తప్పు కాదు. ఇలస్ట్రేటర్ మామూలు కాన్వాస్ 227 అంగుళాల దగ్గర ఆగిపోతుంది కాబట్టి పెద్ద బోర్డులు గీసేవాళ్లు 1:10లో గీస్తారు. డిజైనర్‌కి ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది.

ఒక్క కొలతతో ఆగకు. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి కొలువు. 600 ఉండాల్సిన ప్యానెల్ 598, 20 ఉండాల్సిన రంధ్రం 18 చూపిస్తే అది యూనిట్ల గొడవ కాదు. రెండింట్లోనూ తేడా సమానంగా 2 మి.మీ. ఉంది చూడు, అది గీత మందం. ఇంక్‌స్కేప్ ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ కింద విజువల్ బౌండింగ్ బాక్స్ పెట్టి ఉంటే పైన వెడల్పు గడిలో కనిపించే అంకెలో గీత మందం కూడా కలిసి ఉంటుంది. డిజైనర్ 600 అని టైప్ చేస్తే గీత నడిమి నుంచి నడిమికి 598 అవుతుంది. క్యాడ్‌కి వచ్చేది ఆ నడిమి గీతే. జామెట్రిక్ బౌండింగ్ బాక్స్‌కి మార్చుకోమను. దీన్ని స్కేల్ చేసి సరిచెయ్యబోతే ప్యానెల్ కుదురుతుంది, రంధ్రం కుదరదు.

ఇంకో గొడవ: ఒకే ఫైలులో బోర్డర్ సరిగ్గా ఉండి లోపలి పువ్వులు మాత్రం చిన్నవయ్యాయంటే కారణం గ్రూపులకు తగిలించిన ట్రాన్స్‌ఫార్మ్. ఎస్‌వీజీలో ఒక గ్రూపు మొత్తానికి స్కేల్ రాసి ఉంచొచ్చు, గ్రూపులో గ్రూపు, దానికి ఇంకో స్కేల్. కొన్ని కన్వర్టర్లు పైదాన్ని చదివి లోపలివి వదిలేస్తాయి. పంపే ముందు ఇంక్‌స్కేప్‌లో అన్నీ సెలెక్ట్ చేసి, షిఫ్ట్ ఆల్ట్ డీతో క్లోన్ల (అసలు బొమ్మకి ముడిపడ్డ నకళ్ల) లింకు తెంపి, ఒక్క గ్రూపూ మిగలకుండా పోయేదాకా కంట్రోల్ షిఫ్ట్ జీ కొట్టి, ఆఖర్న ఆబ్జెక్ట్ టు పాత్ చెయ్యాలి. వరస ముఖ్యం. క్లిప్‌లు (బొమ్మలో కొంత భాగాన్ని దాచే మూతలు) ఉంటే అవీ రిలీజ్ చేసి, బయటపడ్డ అనవసరపు ముక్కల్ని తీసెయ్యాలి. లేకపోతే దాచిన ముక్కలు కూడా వచ్చేసి మొత్తం సైజు లెక్క తప్పుతుంది.

వెడల్పు ఒక రెట్టు, ఎత్తు ఇంకో రెట్టు తప్పితే ఎస్‌వీజీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరువు. పైనే ఎస్‌వీజీ ట్యాగులో విడ్త్, హైట్, వ్యూబాక్స్ (బొమ్మ లోపలి యూనిట్ల లెక్క) అని మూడు ఉంటాయి. విడ్త్ 600 మి.మీ., హైట్ 900 మి.మీ., వ్యూబాక్స్ 0 0 600 900 అని ఉంటే ఒక యూనిట్ ఒక మి.మీ., అంతకంటే శుభ్రమైన ఫైలు ఉండదు. వ్యూబాక్స్‌లో 2267.72, 3401.57 ఉన్నా తప్పు కాదు గానీ, వ్యూబాక్స్‌ని పట్టించుకోని కన్వర్టర్ దొరికితే పిక్సెళ్లే దిగుతాయి. విడ్త్ అసలు లేకపోయినా, వంద శాతం అని ఉన్నా అది వెబ్‌సైటు కోసం తయారైన బొమ్మ. దాంట్లో నిజమైన కొలత వెతక్కు. వ్యూబాక్స్ నిష్పత్తీ విడ్త్ హైట్ నిష్పత్తీ కలవకుండా ప్రిజర్వ్‌ఆస్పెక్ట్‌రేషియో నన్ (నిష్పత్తి కాపాడక్కర్లేదు) అని ఉంటే సాగిపోవడం అక్కడే జరిగింది. క్యాడ్‌లో అడ్డానికొకటి నిలువుకొకటి స్కేల్ ఇచ్చి సరిచెయ్యడం కుదురుతుంది గానీ ఆ దారిలో గుండ్రాలు ఎలిప్స్‌లుగా మిగులుతాయి. వెనక్కి పంపి మళ్లీ తెప్పించుకో.

ఎగుమతి దగ్గర చూడాల్సినవి రెండే. ఇంక్‌స్కేప్ డీఎక్స్‌ఎఫ్ ఆర్14 డబ్బాలో బేస్ యూనిట్ అని ఉంటుంది, దాన్ని మి.మీ. చెయ్యాలి. ఇలస్ట్రేటర్ డీఎక్స్‌ఎఫ్ ఎగుమతిలో ఆర్ట్‌వర్క్ స్కేల్ ఉంటుంది, ఒక మి.మీ.కి ఒక యూనిట్ అని పెట్టాలి.

ఇక నీ వైపు సంగతి. అదే ఫైలు ఓపెన్ చేస్తే ఒక సైజు, ఇన్సర్ట్ చేస్తే ఇంకో సైజు అన్నావు. దానికి కారణం ఇన్‌స్‌యూనిట్స్, అంటే ఫైలు ఏ యూనిట్‌లో ఉందో చెప్పే అంకె. 1 అంటే అంగుళాలు, 4 మి.మీ., 6 మీటర్లు, 0 అంటే యూనిట్ లేదు. ఇది ఆటోక్యాడ్ 2000తో వచ్చింది కాబట్టి అంతకు ముందటి ఆర్12, ఆర్14 డీఎక్స్‌ఎఫ్ రూపాల్లో దీనికి చోటే లేదు. బ్లాకుగా ఇన్సర్ట్ చేసినప్పుడు వచ్చే ఫైలు అంకె, నీ డ్రాయింగ్ అంకె చూసి ఆటోక్యాడ్ తనే స్కేల్ చేస్తుంది. వచ్చే ఫైలుకి అంకె లేకపోతే ఆప్షన్స్‌లో యూజర్ ప్రిఫరెన్సెస్ కింద సోర్స్ కంటెంట్ యూనిట్స్ అని ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అది ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా ఉండొచ్చు. పక్క సీటులో సరిగ్గా వచ్చి నీ దగ్గర 25.4 రెట్లు తప్పేది అందుకే. ఆఫీసులో అన్నిట్లోనూ అక్కడ ఒకే సెట్టింగ్ పెట్టించు.

మన దగ్గర ఇంటి ప్లాన్లు అడుగులు అంగుళాల్లో నడుస్తాయి. ఆర్కిటెక్చరల్ డ్రాయింగులో ఒక యూనిట్ ఒక అంగుళం. అందులోకి 600 నేరుగా దిగితే 50 అడుగుల ప్యానెల్ అవుతుంది. అదే 1 అడుగు 11 5/8 అంగుళాలు చూపిస్తే కంగారు పడకు, 600 మి.మీ. అంటే అంతే. యూనిట్స్ డబ్బాలో మి.మీ. అని మార్చినంత మాత్రాన గీసినవి మారవు, పేరు మాత్రమే మారుతుంది. గీతలతో సహా మారాలంటే డాష్ పెట్టి డీడబ్ల్యూజీయూనిట్స్ కమాండ్ వాడు, ఆబ్జెక్టుల్ని స్కేల్ చెయ్యాలా అని అదే అడుగుతుంది.

కారణం దొరికి, ఫైలు మళ్లీ తెప్పించుకునే టైము లేనప్పుడు మాత్రం ఎస్‌సీ, అంటే స్కేల్ కమాండ్ వాడు. అన్నీ సెలెక్ట్ చేసి, బేస్ పాయింట్ 0,0 ఇచ్చి, రిఫరెన్స్ కోసం ఆర్ కొట్టి, ప్యానెల్ వెడల్పుకి రెండు మూలలు చూపించి, 600 టైప్ చెయ్యి. తరవాత ఎత్తు 900 వచ్చిందో లేదో, లోపల ఒక రంధ్రం సరిగ్గా ఉందో లేదో కొలిచి చూడు. 1:10 ఫైలుని పది రెట్లు పెంచితే ఎస్‌వీజీలో దశాంశాలు కుదించిన తప్పు కూడా పది రెట్లవుతుంది. గీతల కొసలు విడిపోతే పెడిట్ కమాండ్‌లో జాయిన్‌కి 0.1 ఫజ్ (ఎంత సందు దాకా కలపాలో చెప్పే అంకె) ఇచ్చి కలుపు.

డిజైనర్లకి ఒక్క షరతు పెట్టు: ప్రతి ఫైలులోనూ ఎడమ కింద మూలన, వేరే లేయర్‌లో, 100 మి.మీ. చదరం ఉండాలి. నీ దగ్గర అది 93.75 చూపిస్తే పాత ఇంక్‌స్కేప్, 75 చూపిస్తే ఇలస్ట్రేటర్, అడ్డం నిలువు వేరైతే వ్యూబాక్స్. కటింగ్‌కి పంపే ముందు ఆ లేయర్ తీసెయ్యడం మర్చిపోకు.

అన్నీ సరిచేశాక కూడా లేజర్ కట్ ముక్కలో రంధ్రం ఓ రవ్వ పెద్దగా వస్తే అది స్కేల్ కాదు, కిరణం కాల్చేసిన సందు. దానికి ఆఫ్‌సెట్ ఇవ్వమని మెషిన్ ఆపరేటర్‌కి చెప్పు, డ్రాయింగ్ ముట్టుకోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న