వైబ్రేషన్ ప్లేట్ ఎక్కి నిలబడితే ఒళ్లు బిగుస్తుందా?

చి. లావణ్యకు,

ఆశీస్సులు. నువ్వు ఫొటో పంపిన వైబ్రేషన్ ప్లేట్, అంటే ఎక్కి నిలబడితే గబగబా అదిరే పీట లాంటి ఆ మెషీన్, కొనాలా వద్దా అన్నదానికి ముందే జవాబు చెప్పేస్తాను. ఎక్కి ఊరికే నిలబడటానికైతే వద్దు. దాని మీద బస్కీలు తీసే ఓపిక వారానికి మూడు రోజులైనా ఉంటే, పైగా మెషీన్‌లో నిజంగా దమ్ముంటే, కొంత పనికొస్తుంది. ఆ దమ్ము ఇంట్లోనే ఎలా కొలుచుకోవాలో కూడా రాస్తాను. అంగడివాళ్లు అది మాత్రం చెప్పరు.

ఒళ్లు బిగువుగా కనబడాలంటే కండ కాస్త పెరగాలి, దాని మీది కొవ్వు పొర కాస్త తగ్గాలి. రెండోది ఈ మెషీన్ వల్ల దాదాపు జరగదు. 60 కిలోల మనిషి దాని మీద వంగి లేస్తూ 10 నిమిషాలు చేస్తే ఖర్చయ్యేది 30, 40 కేలరీలు. అంతసేపు మామూలు జోరుతో నడిచినా అంతే పోతుంది. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల దాకా ఖర్చు కావాలి, లెక్క నువ్వే వేసుకో. తొడలు ఊగినంత మాత్రాన తొడల కొవ్వు కరగదు. కొవ్వును ఎక్కణ్నుంచి తీయాలో ఒళ్లు మనల్ని అడిగి తీయదు.

కండ సంగతి వేరు. ప్లేటు అదిరిన ప్రతిసారీ కండరం ఒక్క పిసరు సాగుతుంది, సాగిన మరుక్షణం తనంతట తానే బిగుసుకుంటుంది. మోకాలి చిప్ప కింద డాక్టర్ సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగురుతుందే, ఆ ప్రతిచర్య లాంటిదే ఇది కూడా. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంవాళ్లు 2003లో వెలువరించిన ప్రయోగంలో వ్యాయామం అలవాటు లేని యువతులతో 12 వారాలపాటు, వారానికి మూడుసార్లు ఇది చేయించారు. మోకాలు చాపే బలం 16 శాతం దాకా పెరిగింది. జిమ్‌లో బరువులతో చేసినవాళ్లకు 14 శాతం. ప్రకటనల్లో ఇంతవరకే రాస్తారు. రాయనిది ఏమిటంటే, వాళ్లు ఆ ప్లేటు మీద ఊరికే నిలబడలేదు. బస్కీలు, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం) వారం వారం కష్టం పెంచుకుంటూ చేశారు. ఇంకో గుంపుకి అవే వ్యాయామాలు నామమాత్రంగా అదిరే ప్లేటు మీద చేయిస్తే బలం పెరగలేదు. అంటే అదురు గట్టిగా ఉండాలి, దాని మీద నువ్వూ పని చేయాలి. అక్కడే 24 వారాలు చేయించి 2004లో వెలువరించిన ఫలితాల్లో బరువు తగ్గలేదు, కొవ్వూ తగ్గలేదు. కొవ్వు కాని భాగం 2 శాతం పెరిగిందంతే. పది నిమిషాలు నిలబడితే గంట జిమ్‌తో సమానం అని పెట్టె మీద రాసి ఉంటే, ఆ పెట్టె మీద ఇంకేం రాసినా నమ్మకు.

ఇక మెషీన్. రకాలు ముఖ్యంగా రెండు. ఒకదానిలో ప్లేటు మొత్తం పైకీ కిందికీ కదులుతుంది. ఇంకోదానిలో నడుమ ఇరుసు ఉండి ఎడమ పక్క లేస్తే కుడి పక్క దిగుతుంది. ఇళ్లకు ఆన్‌లైన్‌లో అమ్మేవి చాలావరకు ఈ రెండో రకమే. దీనిలో పాదాలు మధ్యలోని ఇరుసుకి దగ్గరగా పెడితే అదురు తక్కువ, అంచులకి జరిపితే ఎక్కువ. స్పీడు 1 నుంచి 99 అనో 120 అనో రిమోట్‌లో చూపిస్తారు. ఆ అంకెకి అర్థం లేదు. మనకు కావలసినవి రెండే అంకెలు: సెకనుకి ఎన్నిసార్లు అదురుతోంది (హెర్ట్జ్), పాదం ఉన్నచోట కింది నుంచి పై దాకా ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోంది.

కొలిచే పద్ధతి చెప్తాను. నువ్వు పాదం పెట్టే చోటికి సూటిగా ముందు అంచు మీద పెన్నుతో సన్నగీత గీసిన తెల్ల కాగితం ముక్క అంటించు. పక్కనే ఒక స్కేలు నేల మీద నిలబెట్టు, ప్లేటుకి తగలకూడదు. నువ్వు ఎక్కి నిలబడు, మీ ఆయన్ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయమను. సెకనుకి 240 ఫ్రేములు పెట్టి తీస్తే వీడియో 8 రెట్లు నెమ్మదిగా ఆడుతుంది. అంటే తెర మీద 10 సెకన్లు అసలుకి 1.25 సెకన్లు. ఆ 10 సెకన్లలో గీత ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి 1.25తో భాగించు. 15 సార్లు వస్తే 12 హెర్ట్జ్. గీత ఎంత పైకి, ఎంత కిందికి పోతోందో స్కేలు మీద చూస్తే మిల్లీమీటర్లు తెలుస్తాయి. ఫోన్‌ని ప్లేటు మీదే అంటించి యాప్‌తో కొలవాలని మాత్రం చూడకు, కెమెరా పాడవొచ్చు. మోటార్‌సైకిల్ అదురుడు గురించి ఆపిల్ కంపెనీ 2021లో ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది.

ఇప్పుడు హెర్ట్జ్‌ని హెర్ట్జ్‌తోనే గుణించి, దాన్ని మిల్లీమీటర్లతో గుణించి, 500తో భాగించు. వచ్చేది 'జీ', అంటే భూమ్యాకర్షణకి ఎన్ని రెట్లు అన్నది. 10 హెర్ట్జ్, 4 మి.మీ. అయితే 0.8 జీ. 15 హెర్ట్జ్, 4 మి.మీ. అయితే 1.8. 30 హెర్ట్జ్, 2 మి.మీ. అయితే 3.6. లూవెన్ ప్రయోగంలో వాడింది 2 నుంచి 5 జీ దాకా, నామమాత్రపు ప్లేటుది 0.4. చవక మెషీన్లలో ఖాళీగా తిరిగినప్పుడు బాగానే ఉంటుంది, మనిషి ఎక్కగానే బెల్టు జారి వేగం పడిపోతుంది. అందుకే నువ్వు ఎక్కాకే కొలవమన్నాను. ఎక్కువలో ఎక్కువ స్పీడులో కూడా 1.5 జీ రాకపోతే అది కాళ్లకు మర్దనా చేసే పీటే తప్ప మరేం కాదు.

మీది నాలుగో అంతస్తు కదా. కింద 10, 15 మి.మీ. మందం రబ్బరు మ్యాట్ వేయకపోతే కిందింటివాళ్లు పైకొస్తారు. గోడకు జానెడు దూరం ఉంచు. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకే పెట్టు. టైమర్ 10 నిమిషాలకి ఆగిపోతే మళ్లీ వెంటనే నొక్కకు, మోటారు చల్లారనీ. కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతున్నట్టు. టకటక శబ్దం వస్తే అడుగున బోల్టులు వదులైనట్టు. మొదటి రెండు వారాలకి ఒకసారి, తర్వాత నెలకోసారి ప్లగ్గు తీసి బోల్టులు బిగించుకో.

ఎక్కకూడనివాళ్లున్నారు, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, ఈమధ్య ఎముక విరిగినవాళ్లు లేదా ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కకూడదు. కిడ్నీలోగానీ పిత్తాశయంలోగానీ రాళ్లున్నవాళ్లు, డిస్కు జారినవాళ్లు, కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్లు కూడా అంతే. మోకాలో తుంటో మార్పిడి చేయించుకున్నవాళ్లు, సిజేరియన్ అయినవాళ్లు తమ డాక్టర్ ఒప్పుకుంటేనే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి అరికాలు ఒరుసుకుపోయినా తెలియదు, అందుకని వాళ్లూ దూరంగా ఉండాలి.

ఎక్కేటప్పుడు ముఖ్యమైన నియమం ఒకటే: మోకాళ్లు బిగబట్టి నిటారుగా నిలబడొద్దు. మోకాళ్లు కొంచెం వంచి, బరువు పాదాల ముందు భాగం మీద వేస్తే తొడలు అదురుని మింగేస్తాయి. నిటారుగా ఉంటే అది సూటిగా వెన్నెముక మీదుగా తలకి పోతుంది. పళ్లు టకటకలాడినా, చూపు మసకబారినా, తల దిమ్మెక్కినా ఇంకొంచెం వంగు, అప్పటికీ తగ్గకపోతే స్పీడు తగ్గించు. తొడల్లో దురద పుట్టడం మామూలే, నాలుగైదుసార్లు చేశాక పోతుంది. మందపాటి స్పోర్ట్స్ బూట్లు అదురుని తినేస్తాయి, వట్టి కాళ్లో పల్చటి అడుగున్న బూట్లో చాలు. భోజనమయ్యాక రెండు గంటలు ఆగు. దాని మీద నిలబడి ఫోన్ చూడకు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ముందు నేల మీద మూడు నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కనివ్వు. మొదట గోడకుర్చీ వేసినట్టు, గోడ లేకుండా, మోకాళ్లు 60 డిగ్రీలు వంచి కదలకుండా 30 సెకన్లు. తర్వాత నిదానంగా బస్కీలు, దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3. తర్వాత మోకాళ్లు కాస్త వంచే ఉంచి మడమలెత్తి పిక్కల మీద. ఆ తర్వాత ఒక పాదం ప్లేటు మీద, రెండోది వెనక నేల మీద పెట్టి దిగడం, కాలు మార్చి మళ్లీ. చివరగా నేల మీద వెల్లకిలా పడుకుని పాదాలు ప్లేటు మీద పెట్టి నడుము లేపడం, పిరుదులకు ఇదే అన్నిటికంటే బాగా పట్టేది. మోచేతులు ప్లేటు మీద పెట్టి ప్లాంక్ (బోర్లా ఒళ్లంతా పలకలా తిన్నగా నిలపడం) కూడా చేస్తారు గానీ, ఊగే రకం ప్లేటు భుజాలను ఎడాపెడా లాగుతుంది. కింద తువ్వాలు మడతపెట్టి తక్కువ స్పీడులోనే చెయ్యి, నొప్పనిపిస్తే మానెయ్.

ఒక్కోటీ 30 సెకన్లు, మధ్యలో దిగి ఒక నిమిషం విశ్రాంతి. మొదటి రెండు వారాలు ఒక్క రౌండే. మూడు, నాలుగు వారాల్లో 45 సెకన్లు. అయిదో వారం నుంచి రెండు రౌండ్లు. అదురు మీద గడిపే సమయం మొత్తం కలిపి 12 నిమిషాలు దాటనివ్వకు. అయిదో వారంలోనే భుజాన బ్యాగులో ఒక్కో లీటరు నీళ్ల సీసాలు రెండు పెట్టుకో, వారానికో లీటరు పెంచుతూ 8 కిలోల దాకా వెళ్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెల గడిచేసరికి ఒళ్లు అలవాటుపడుతుంది, బరువు పెంచరు, మెషీన్ పనిచేయడం లేదంటారు. మీ మెషీన్ అదురు తక్కువదైతే ఈ బ్యాగే నీకు ఎక్కువ పనిచేస్తుంది.

కొలతలు నాలుగు వారాలకోసారి చాలు, పొద్దున్నే తొడ మధ్య చుట్టుకొలత తీసుకో. 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీలోంచి చేతులు కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటున్నావో రాసుకో. అద్దం కంటే ముందు ఈ అంకె మారుతుంది.

కొవ్వు సంగతి నడక, పళ్లెం చూసుకోవాలి. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు చురుగ్గా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు వస్తాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో కిలో శరీర బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్. నీ 60 కిలోలకి అది 50 గ్రాములు. కండ పెంచుకోవాలనుకునేవాళ్లు 70 దాకా వెళ్లొచ్చు. రెండు గుడ్లలో 12, అరవై గ్రాముల కందిపప్పులో 13, పావు లీటరు పెరుగులో 8, గుప్పెడు పల్లీల్లో 7, రోజుకి 200 గ్రాముల బియ్యంలో 14. ఇదంతా కలిపితే 54 అయింది. మిగతాది శనగలతోనో చేపలతోనో నింపుకో.

మీ అత్తగారి ఎముకల కోసం కూడా పనికొస్తుందా అన్నావు. 2001లో గొర్రెల మీద 0.3 జీ అదురుతో ఏడాది చేసిన ప్రయోగంలో తొడ ఎముక లోపలి జాలీ భాగం 34 శాతం చిక్కబడింది. పేపర్లన్నీ అదే రాశాయి. మనుషుల దగ్గరికొచ్చేసరికి, టొరంటోలో ముట్లాగిన 202 మంది స్త్రీల మీద ఏడాదిపాటు చేసి 2011లో చెప్పింది మాత్రం ఎముక సాంద్రతలో తేడా లేదనే. ఆవిడ ఎముకల మందు మాత్రం ఆపనివ్వకు. గోడ ఆసరాతో కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించు. ప్లేటు ఎక్కించకు.

కొనేస్తే ఇంటికొచ్చిన రోజే వీడియో తీసి కొలుచుకో. 1.5 జీ లోపు వస్తే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేసి, ఆ డబ్బుతో 5 కిలోల డంబెల్స్ జత, ఒక రబ్బరు బ్యాండు కొనుక్కో. పైన రాసిన వ్యాయామాలన్నీ నేల మీద వాటితోనే చెయ్యి, బరువు పెంచే వరస మాత్రం అదే.

ఉంటాను,
మీ పెద్దమ్మ